చిన్నమ్మ నాలుక

పోయిన నెలలో కొరియర్‌లో వచ్చిన చెక్కపెట్టెను మా అమ్మాయి భోజనాల బల్ల మీద పెట్టి మూత తీసినప్పుడు, ముందు తేనె వాసన, దాని వెనక కొత్త కలప వాసన, ఆ రెండింటి అడుగు నుంచి మెల్లగా లేచిన తడి పొగాకు కంపు ముక్కుకు తగిలి, నోట్లోని అన్నం మింగలేక సింకు దగ్గరికి పరుగెత్తాను. పెట్టెలో మఖమల్ గుడ్డ మీద లావాటి సిగార్లు పడుకుని ఉన్నాయి. బెంగళూరు దగ్గర, తమిళనాడు సరిహద్దులోని అత్తిబెలెలో తాతల నాటి నుంచీ చుట్టలు చేయించి అమ్ముతున్న ఒక కుటుంబం ఇప్పుడు డబ్బున్నవాళ్ళ కోసం తెచ్చిన కొత్త సరుకది; పాత పనివాళ్ళ ఇళ్ళకు కానుకగా పంపారు. పేరు ‘ముత్తు’. కన్నడంలో ముత్తంటే ముత్యం, ముద్దు కూడా. ‘మా తాతగారి కాలంలో ఆడవాళ్ళు ఒక్కో చుట్టనూ ఒక్కో ముద్దుతో మూసేవాళ్ళు’ అని మూత లోపల బంగారు అక్షరాలతో రాసి ఉంటే, మా అమ్మాయి దాన్ని మురిపెంగా పైకి చదివింది.

ఆ ఆడవాళ్ళలో మా చిన్నమ్మ ఒకతె.

మా అమ్మా నాన్నా ఆనేకల్‌లో పట్టుమగ్గం నేసేవాళ్ళు. మగ్గానికి పోగా ఇంట్లో మిగిలిన చోటు మా అందరికీ చాలక, నన్ను అత్తిబెలెలో ఒంటరిగా ఉండే చిన్నమ్మ దగ్గర పెట్టి అక్కడి బడిలో చేర్చారు. చిన్నమ్మకు పిల్లల్లేరు, మొగుడు పోయాడు. ఉన్నదంతా చుట్టల కార్ఖానాలో పని, నేను, ఆమె నోరు. ఆ నోటికి ఊరంతా భయపడేది, ఊరంతా నవ్వేది కూడా. కార్ఖానా యజమాని పెద్ద సావుకారు పంచె ఎగ్గట్టుకుని దగ్గుతూ నడిచి రావడం, పూజారి మంత్రం మధ్యలో మనవణ్ణి తిట్టడం, చెక్‌పోస్టు దగ్గర లారీ డ్రైవరు తమిళంలో బతిమాలుకోవడం, అన్నీ చేసి చూపించేది. జాతరలో నూనెలో తేలుతున్న మిరపకాయ బజ్జీలు అందరికంటే ఎక్కువ తిని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే నావైపు చూసి కన్ను గీటేది.

ఎండాకాలం రేకుల కింద పొగాకు ఉడికి వీధి మొదటి నుంచే గొంతు పట్టుకునేది. వానాకాలం గోనెల మధ్య ఆకు బూజుపట్టి, చచ్చిన ఎలుక పక్కనే కుళ్ళిన బెల్లం పెట్టినట్టు కంపు కొట్టేది. చలికాలంలో ఊరంతా అనపకాయల వాసనతో ఘుమఘుమలాడేది. నానబెట్టిన గింజల తొక్కలు వేళ్ళతో పితికి తీసి, పితికిపప్పు పులుసు కాచి రాగిసంగటిలోకి పోసుకునేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం గింజలు నేను పితకాల్సిందే. చిన్నమ్మ వేలు తగిలితే పులుసంతా చేదు విషమయ్యేది. సీకాయ పెట్టి తోమినా, బూడిదతో రుద్దినా ఆ వేళ్ళ గోధుమరంగు పోయేది కాదు. అందుకే నాకెప్పుడూ చేత్తో కలిపి ముద్ద పెట్టలేదు, చెంచాతో తినిపించేది.

మొదట్లో చుట్ట కొసలు మైదా బంకతో అంటించేవాళ్ళట. వానలకు బంక పులిసి సరుకు పాడయ్యేసరికి, పెద్ద సావుకారు బంక గిన్నెలు ఎత్తివేయించి, వరసగా కూర్చున్న ఆడవాళ్ళ ముందు నిలబడి, “దేవుడు నాలుక ఇచ్చిండాడు కదమ్మా, ఇంక బంక యాల?” అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళు ఆకు కొసను నాలుకతో తడిపి, వేలితో అదిమి మూయసాగారు. పొద్దుగూకి గేటు తీసినప్పుడు ఆడవాళ్ళంతా ప్రహరీగోడ పక్కన వంగి ఉమ్మేవాళ్ళు. గోడ అడుగుభాగం నల్లగా జిడ్డుకట్టి ఈగలు ముసురుతుండేవి. బడి నుంచి వస్తూ చిన్నమ్మ కోసం అక్కడే నిలబడే నాకు, ఆ ఉమ్ముల చప్పుడు ఇప్పటికీ చెవుల్లో జిగురుగా అంటుకునే ఉంది. ఇంతా చేసి, దాహమేసి సావుకారు ఇంటి వెనక్కి వెళితే లోటా చేతికిచ్చేవాళ్ళు కారు. దోసిలి పట్టమని పైనుంచి పోసేవాళ్ళు.

ఒక ఉగాదికి, మేం ఓళిగ అనే బొబ్బట్టు మీద వేడి నెయ్యి వేసుకుని నోట్లో పెట్టుకున్న చిన్నమ్మ చురుక్కుమన్నట్టు ముఖం తిప్పుకుంది. నాలుక పక్కన పుండు. మజ్జిగ పుక్కిలించింది, కొబ్బరి నమిలింది, పనికి మాత్రం పోతూనే ఉంది. తర్వాతి జాతరలో బజ్జీల బండి వైపు చూడకుండా నడిచింది. మెల్లగా చెంప ఉబ్బింది, మాట ముద్దయింది. అప్పుడే బయటూరి నుంచి కొనేవాళ్ళు కార్ఖానా చూడ్డానికి వస్తున్నారని పెద్ద సావుకారు ఆమెను వెనక గోడౌనులో కూర్చోమన్నాడు. నేను గేటు దగ్గర ఉండగానే అన్నాడు. “నీ మొగం చూస్తే వాళ్ళకు అసయ్యమవుతాది.”

చిన్నమ్మ వెనక్కి తిరిగి గోడౌను వైపు నడిచింది. ఊరందరినీ అనుకరించిన ఆ నోటితో ఆ ఒక్క మాటను మాత్రం ఎప్పుడూ అనుకరించలేదు. గోడౌనులో కొన్నాళ్ళు ఆకు ఏరింది, తర్వాత రావద్దన్నారు. పెద్దాసుపత్రిలో ఆలస్యమైందన్నారు. రాగిగంజి పలచగా కాచి, ఆమె నాకు పెట్టిన చెంచాతోనే నేను పోసేదాన్ని. తన నోటి వాసన నాకు తగలకూడదని ముఖం గోడవైపు తిప్పుకుని మింగేది. అనపపూత రాకముందే పోయింది.

పెట్టె వచ్చిన వారానికి సావుకారు మనవడు బెంగళూరు బొమ్మనహళ్ళిలోని మా ఇంటికే వచ్చాడు. నీటుగా, మర్యాదగా ఉన్నాడు. పాత పనివాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వచ్చానని, చిన్నమ్మ గురించి కెమెరా ముందు నాలుగు మాటలు చెప్పమని అడిగాడు. ఇన్నేళ్ళకు ఒకరు అడిగారు కదా అని ఒప్పుకున్నాను. ఆమె వేషాలు చెప్పాను, వాళ్ళ తాత నడక చెబుతూ నవ్వాను. పుండు గురించి, గోడౌను గురించి చెప్పాను. ముద్దు గురించి అతను అడిగినప్పుడు దాచుకోలేదు.

“ముద్దు కాదప్పా అది, ఎంగిలి. లోటా ముడితే మైల అని మా చిన్నమ్మకు దోసిట్లో నీళ్ళు పోసిండారు. ఆమె ఎంగిలే ఊరూరా అమ్మిండారు.”

అతను కెమెరా ఆపి, “చాలా ఎమోషనల్‌గా చెప్పారాంటీ. ఎడిటింగ్‌లో చూసుకుంటాం,” అన్నాడు.

వీడియో వచ్చింది. అందులో నేనున్నాను. వెనక వీణ మోగుతుంటే, సాయంకాలపు వెలుగులో తల ఊపుతూ నవ్వుతున్నాను. నా మాట ఒక్కటీ లేదు. నవ్వు కింద ‘మా చిన్నమ్మ ముద్దులు’ అని రాశారు. ఫోన్ చేస్తే, నా నవ్వు అందరికీ తెగ నచ్చిందన్నాడు. తీసేయమన్నాను. చూస్తానన్నాడు. ఇంకా ఉంది.

మొన్న అత్తిబెలె వెళ్ళాను. అనప పొలాలున్న చోట గిడ్డంగులు, లారీలు. చిన్నమ్మ పక్కన కూర్చుని చుట్టలు చుట్టినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరెవరో ఉంటున్నారు. ఆమె గొంతు ఎలా ఉండేదో ఎరిగినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. ఆ ఒక్కదాన్నీ వాళ్ళ అబద్ధానికి సాక్షిగా నిలబెట్టుకున్నారు. ఎవరెవరో ఫోనులో ఆ వీడియో చూపించి ఎంత బాగా నవ్వారండీ అంటుంటే, నా నవ్వు మీద నాకే రోత పుడుతుంది.