సంతకం పెట్టని అడ్డసరం పేజీ

మా మామిడి తోటకి కంచె అడ్డసరం మొక్కలే. మేకలు ఆ ఆకు ముట్టవని మా తాత వేయించాడట. ఎవరికి దగ్గొచ్చినా మా మేనత్త ఆ ఆకులే కోసి, మిరియాలు దంచి వేసి కషాయం కాచేది. కాయ కోతకి వచ్చే కూలీలంతా ఆ చేదు తాగినవాళ్ళే.

ఎనభైల్లో నేను నూజివీడులో డిగ్రీ కెమిస్ట్రీ చదివాను. ఒకరోజు మా లెక్చరరు గారు పొగాకులో నికోటిన్, కాఫీలో కెఫీన్ లాంటి ఆల్కలాయిడ్ల గురించి చెబుతున్నారు. లేచి, అడ్డసరంలో కూడా ఉంటాయా అని అడిగాను.

"ఆకు పసర్లో ఏముంటుందమ్మా, నమ్మకం తప్ప" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఆకులు నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, పొట్లం కట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. పలచటి ఆమ్లంలో మరిగించి వడకట్టాను. అమ్మోనియా కలిపి, క్లోరోఫామ్‌తో సారం తీశాను. దాన్ని మళ్ళీ ఆమ్లంలో కరిగించి, ఆల్కలాయిడ్లను పట్టిచ్చే రీఏజెంటు రెండు చుక్కలు వేశాను. టెస్ట్‌ట్యూబులో మీగడరంగు అవక్షేపం దిగింది. తీసుకెళ్ళి ఆయనకి చూపించాను.

"ఆల్కలాయిడ్ ఉన్నంత మాత్రాన మందైపోతుందా?"

"అవదండీ. ఏమీ లేదని మీరన్నారు. ఉందని చూపిస్తున్నాను."

"సిలబస్‌లో లేనిది ల్యాబ్ రికార్డులో రాస్తే సంతకం పెట్టను."

అయినా రాయాలనే అనుకున్నాను. వివరాల కోసం లైబ్రరీలో వెతికితే ఆ ఆల్కలాయిడ్ పేరు దొరికింది, వాసిసిన్. ఊపిరి గొట్టాల్ని వదులు చేస్తుందట. గర్భసంచిని మాత్రం బిగిస్తుందట. అది చదివాక, కిందటి వేసవిలో దగ్గుతూ వచ్చిన ఓ గర్భిణిని అత్త కషాయం ఇవ్వకుండా పంపేసిన సంగతి గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి అడిగాను.

"అత్తా, ఆ రోజు ఆవిడకి ఎందుకివ్వలేదు?"

"కడుపు జారిపోద్దని మా అమ్మ చెప్పింది. ఏం, మీ పుస్తకాల్లో లేదా?"

"ఉంది. ఇవాళే చూశాను."

"ఇవాళా?" అని అత్త తన పనిలో పడిపోయింది.

ప్రయోగంతో పాటు ఆ జాగ్రత్త కూడా రికార్డులో రాశాను. చెప్పినవారు: మా మేనత్త, అని కింద పెట్టాను. లెక్చరరు గారు పేజీకి అడ్డంగా ఎర్రగీత కొట్టి, చింపేసి తెమ్మన్నారు.

"చింపనండీ" అన్నాను.

రికార్డు మార్కులు కోసేశారు. తక్కిన పేజీలన్నిటి మీదా ఆయన సంతకం ఉంది. అడ్డసరం పేజీ కింద నా సంతకం నేనే పెట్టుకున్నాను.