పదకొండో కిటికీ పట్టీ

న్యూ హాల్డెన్‌లో పొగడ్త అనేది పెద్దమనిషి నోట రాకూడని మాట. పెళ్ళి భోజనం ఎలా ఉందని అడిగితే "తినలేనంత కాదు" అంటారు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన భార్య గురించి అడిగితే "సర్దుకుపోతున్నాం" అంటారు. ఏదైనా నిజంగా మనసుకు పట్టేస్తే మాత్రం ఒక్క క్షణం ఆగి, తమ బూట్ల వంక చూసుకుంటూ "అంత చెడ్డగా ఏం లేదు" అంటారు. అమెరికాలో, మిన్నెసోటా ఉత్తరాన ఉన్న ఆ ఊళ్ళో అంతకు మించిన బిరుదు లేదు. ఆ నాలుగు మాటల కోసం ఆర్విడ్ హాల్వర్సన్ నలభై ఒక్క ఏళ్ళుగా కిటికీల చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. ఇంతవరకూ దక్కలేదు.

అతనిది జిప్సం గోడల పని, అందులోనూ కిటికీ అంచులు. గోడ వచ్చి కిటికీ చట్రాన్ని తాకేచోట సన్నటి ప్లాస్టిక్ బీడింగ్ పెడతాడు. దాని మీద మూడు పూతలు పుట్టీ వేస్తాడు. పూత ఆరినప్పుడల్లా ఎమరీ కాగితంతో రుద్దుతాడు. చట్రానికి పుట్టీ, రంగు అంటకుండా బీడింగ్‌కు ఒక చింపుడు పట్టీ ఉంటుంది. పనంతా అయ్యాక దాన్ని సర్రున లాగేస్తే తిన్నటి అంచు మిగులుతుంది. ఈ పనికి పట్టిన దరిద్రం ఒక్కటే. చెడగొడితే ఊరంతా చూస్తుంది, బాగా చేస్తే ఎవరికీ ఏమీ కనబడదు.

"కనబడని పనికి ఇంత పొగరేమిటయ్యా?" అని అతని భార్య డెలోరిస్ ఎన్నోసార్లు అడిగింది. పెరటి చెట్టు మందుకు రాదని ఆర్విడ్ సరిపెట్టుకునేవాడు.

అరవై నాలుగో ఏట మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు నిచ్చెన ఎక్కొద్దన్నాడు. ఈ ఒక్కటీ చేసి మానేస్తానని ఆర్విడ్ ఒప్పుకున్న ఆఖరి పని, చర్చివాళ్ళు కట్టిన కొత్త భోజనాల హాలు. దానికి పదకొండు కిటికీలు.

మొదటి రోజునే వడ్రంగి వెండెల్ టోర్గర్సన్ అడ్డం పడ్డాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. వెండెల్ లెక్కలో చుట్టూ చెక్క లేని కిటికీ బట్టలేసుకోని మనిషితో సమానం.

"ఏంట్రా ఇది, గోడకు కన్నం పెట్టి వదిలేసినట్టు? నాలుగు ఓకు చెక్క బద్దలు కొడితే పోయేదానికి!"

"నీ బద్దలు కిందున్న వంకర్లు దాచుకోడానికిరా. నా దగ్గర దాచేదేం లేదు."

తగువు చర్చి కమిటీ దాకా పోయింది. కమిటీ అంటే ఎనభై రెండేళ్ళ ఇర్మా లిండ్‌క్విస్ట్. మిగతా ఆరుగురూ తల ఊపడానికి ఉన్నారు.

"ముందు ఆర్విడ్‌ని కానివ్వండి నాయనా. ఆదివారం ప్రార్థనయ్యాక కాఫీ తాగుతూ చూస్తాం. నచ్చకపోతే వెండెల్ చెక్క కొడతాడు," అని తేల్చేసిందావిడ.

చెక్క కొడితే ఆర్విడ్ ఆఖరి పని బతికుండగానే సమాధి అయినట్టు. అందుకే మూడు వారాలు ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. దీపాన్ని గోడకు ఆనించి పక్కవాటుగా చూస్తూ, వెంట్రుకంత గీత కనబడినా మళ్ళీ పుట్టీ వేశాడు. శనివారం మధ్యాహ్నం చింపుడు పట్టీలు లాగడం మొదలుపెట్టాడు. పది కిటికీలు అయ్యాయి. పదకొండో దానిమీద చెయ్యి వేశాడో లేదో, ఇర్మా గుమ్మంలోంచి కేకేసింది.

"ఆర్విడ్, నిమ్మకాయ కేకు బిళ్ళలు చేశాను, రా నాయనా."

పిలవగానే లేచి వెళ్ళేవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. మూడుసార్లు వద్దనాలి.

"అయ్యో, వద్దండీ ఇర్మా గారూ, ఇప్పుడే తిన్నాను."

"ఒక్కటే కదా."

"మీకు శ్రమ దేనికండీ."

"మిగిలిపోతాయి నాయనా."

"సగం ముక్కయితే... వద్దులెండి."

ఇలా తలుపు దాకా ఒక్కో అడుగే వేస్తూ మొహమాటాలు పూర్తిచేసి, నాలుగు ముక్కలు తిని, గిన్నెలు తోమడానికి సాయపడి, ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో విని ఇంటికి పోయాడు. పదకొండో పట్టీ అలాగే ఉండిపోయింది. మర్యాద ఎంత పనైనా చేస్తుంది.

ఆదివారం కాఫీ దగ్గర పది కిటికీల్ని ఎవ్వరూ చూడలేదు. అక్కడ చూడ్డానికేం ఉంది గనక! జనమంతా పదకొండో దాని ముందు చేరారు. గోధుమరంగు చట్రం చుట్టూ తెల్లటి పట్టీ మెరుస్తోంది. తీయడం మరిచిన ఆ పట్టీ చూసి ఆర్విడ్ కాఫీ కప్పుతోనే అటు నడిచాడు.

ఇర్మా కళ్ళజోడు సర్దుకుంది. పట్టీ మీద వేలు రాసింది. ఒక్క క్షణం ఆగి తన బూట్ల వంక చూసుకుంది.

"అంత చెడ్డగా ఏం లేదు," అంది.

నలభై ఒక్క ఏళ్ళ తపస్సుకు వరం దిగి వచ్చి, చెత్తబుట్టలో పడాల్సిన ప్లాస్టిక్ ముక్క మీద వాలింది.

"మిగతా పదింటికీ ఎందుకు పెట్టలేదో?" అన్నారొకరు.

"సరుకు చాలలేదేమో పాపం," అన్నారు ఇంకొకరు.

"వాటికీ ఇదే పెట్టెయ్ నాయనా. ఇక చెక్క అక్కర్లేదు," అంది ఇర్మా.

వెండెల్ జరిగి వచ్చి ఆర్విడ్ చెవిలో అన్నాడు. "ఒరే, నోర్మూసుకుని ఒప్పుకో. గెలిచావు."

వెండెల్ చెప్పింది నిజమే. ఒక్కసారి తలూపితే చాలు. కానీ ఆర్విడ్‌కు ఇన్నేళ్ళూ మింగిన మొహమాటాలన్నీ ఒక్కసారే అడ్డం తిరిగాయి. కప్పు బల్లమీద పెట్టి, పట్టీ కొస పట్టుకుని, నాలుగు పక్కలా సర్రున లాగేశాడు. దాని కింది నుంచి గీత గీసినంత తిన్నటి అంచు బయటపడింది.

జనం ఇంకో అడుగు ముందుకు జరిగి చూశారు.

"అయ్యయ్యో, ఊడగొట్టుకున్నాడు," అన్నారెవరో జాలిగా.

"నిన్నంతా బాగానే ఉన్నాడే," అంది ఇర్మా.

చెక్కకే కమిటీలోని ఆరు చేతులూ లేచాయి.

మంగళవారం వెండెల్ ఓకు బద్దలు దింపుకున్నాడు. పొడుగు బద్దకు రెండో మనిషి కావాలి. పిలిస్తే రాననడం ఆ ఊళ్ళో చెల్లదు కాబట్టి ఆర్విడే వచ్చి ఆ కొస పట్టుకున్నాడు. ఒక్కో కిటికీ చెక్క కిందికి పోతుంటే కిటికీల వంక చూడకుండా బయట కార్ల వంక చూశాడు.

పదకొండో దాని దగ్గర వెండెల్ ఆగిపోయాడు. జేబులోంచి ఉక్కు స్కేలు తీసి అంచుకు ఆనించాడు. నాలుగు పక్కలా ఆనించాడు. స్కేలు కింద వెలుతురు ఎక్కడా కనబడలేదు. బొటనవేలి గోరుతో మూల నుంచి మూల దాకా గీశాడు. తర్వాత తల దించి చాలాసేపు తన బూట్లు చూసుకున్నాడు.

"అంత చెడ్డగా ఏం లేదురా."

ఆర్విడ్ కార్ల మీంచి చూపు ఇటు తిప్పాడు. కానీ ఊరి ఆచారం ఊరి ఆచారమే, పొగిడితే వద్దనాలి.

"ఎడమ పక్క కాస్త వంకర పోయిందేమోరా," అన్నాడు.

"పోలేదు," అని వెండెల్ మొదటి మేకు దిగ్గొట్టాడు.