ఎర్లెన్‌తాల్‌లో నంబరు లేని చక్రం

బుధవారం ఉదయం 5 గంటల 10 నిమిషాలకు కరీంనగర్ బస్టాండులో బస్సు ఎక్కాం. హైదరాబాదుకు 165 కిలోమీటర్లు. అక్కడి నుంచి శంషాబాద్, గల్ఫ్‌లో విమానం మార్పు, గురువారం మధ్యాహ్నం ఫ్రాంక్‌ఫర్ట్. మర్నాడు 131 కిలోమీటర్ల రైలు ప్రయాణం చేసి, 10 గంటల 31 నిమిషాలకు ఎర్లెన్‌తాల్ అనే చిన్న ఊళ్లో దిగాలి. 11 గంటలకు అక్కడి నేతమిల్లు సంగ్రహాలయంలో మాకు సమయం ఇచ్చారు. ఈ లెక్కంతా నేను ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

వెంట ఉన్నది మా అక్క భర్త రాజేశం బావ. సిరిసిల్లలో ఆయనకు ఆరు సాంచాలు ఉన్నాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. వాటి మీద చీర అంచుకు పువ్వులు తీసే డాబీలు ఒకప్పుడు ఎర్లెన్‌తాల్‌లో తయారైనవి. డాబీని తిప్పే చక్రానికి ఒకచోట పళ్లు లేని ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందనే దాని మీదే పువ్వు ఆధారపడి ఉంటుంది. ఆరు చక్రాలూ సరిగ్గా ఆ అంచుల దగ్గరే అరిగిపోయాయి కనుక అసలు కొలత ఎవరికీ తెలియదు. రెండు సాంచాలు ఎలాగో కుంటుతున్నాయి, నాలుగు ఆగిపోయాయి. కొలత దొరక్కపోతే ఆరింటినీ పాత ఇనుము కింద తూకానికి వేస్తానని బావ అక్కకు చెప్పి వచ్చాడు.

మొదటి దెబ్బ శంషాబాద్‌లోనే తగిలింది. చేతిసంచిలో ఉన్న నా వెర్నియర్ కాలిపర్‌ను, మొనలు ఉన్నాయని, తనిఖీ సిబ్బంది తీసేసుకున్నారు.

"బస్సు టైము, రైలు టైము అన్నీ రాస్కున్నవ్. కొలిచే సామాన్ పెద్ద పెట్టెల వెయ్యాలని రాస్కోలేదా, ఇంజనీరు సాబ్?" అన్నాడు బావ.

విమానంలో పక్క సీటు జగిత్యాల మనిషి, పదేళ్లుగా గల్ఫ్‌లో మేస్త్రీ. మేం జర్మనీకి పోతున్నామంటే ఆయన బావను ఎగాదిగా చూశాడు. "చక్రం కోసమా? గింత దూరం బోయి చక్రం తెచ్చేటోణ్ని నేనైతే చూడలే, అన్నా."

శుక్రవారం 8 గంటల 14 నిమిషాల రైలు 8 గంటల 14 నిమిషాలకే కదిలింది. ఆ దేశపు సమయపాలన గురించి బావకు నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. 10 గంటలు దాటాక కిటికీ బయట ఊళ్ల పేర్లు నా కాగితంతో కలవడం మానేశాయి. ఎదుటి సీటులోని ముసలావిడ మా టికెట్లు చూసి, "మీరు ఎక్కిన రైలు సరైనదే, కూర్చున్న సగమే తప్పు" అని ఇంగ్లీషులో చెప్పింది. దారిలో ఒక కూడలి స్టేషన్లో రైలును రెండుగా విడదీస్తారట. ముందు మూడు పెట్టెలు ఎర్లెన్‌తాల్‌కు, వెనక మూడు మరో లోయకు. ఈ సంగతి ప్రతి పెట్టె తలుపు పక్కనా రాసి ఉంది. నేను చదవలేదు.

"అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు రైలును పంచుకున్నరా? మంచిగుంది" అన్నాడు బావ.

ఎర్లెన్‌తాల్ చేరేసరికి 12 గంటల 52 నిమిషాలు. సంగ్రహాలయ కార్యాలయం శుక్రవారం పన్నెండుకే మూసేస్తారు. అద్దం తలుపు అవతల ఒక ఉద్యోగిని పూలకుండీలకు నీళ్లు పోస్తోంది. తలుపు తట్టాం. ఆమె చెంబు దించకుండానే ఎడమచేత్తో బోర్డు చూపించింది. ఆ తరువాతి పనిదినం మంగళవారం. మా తిరుగు విమానం ఆదివారం 21 గంటల 40 నిమిషాలకు. ఆదివారం రెండు నుంచి అయిదు వరకు స్వచ్ఛంద కార్యకర్తలు యంత్రాలు తిప్పి చూపిస్తారని బోర్డు కింద చిన్న అక్షరాల్లో ఉంది. మిగిలిన ఆశ అదొక్కటే.

కనుక ఊరు చూశాం. రెండు గుట్టల మధ్య ఒక వాగు. దాన్ని వాళ్లు నది అంటారు. వేసవిలో మానేరు పాయల్లో సన్నటిది కూడా దానికంటే వెడల్పు. నీళ్లలో సున్నం లేదు, అద్దకానికి మంచివి అని ఎవరో మిల్లు పెట్టారు. మిల్లు చుట్టూ ఊరు పెరిగింది. చవక గుడ్డ దూరదేశాల నుంచి రాగానే మిల్లు మూతపడింది. ఇప్పుడు మూతపడ్డ మిల్లును చూపించడమే ఊరి పరిశ్రమ. ఈ చరిత్ర ఏడు బోర్డుల మీద ఉంది. ఏడో బోర్డు ఆ బోర్డులు పెట్టించిన సంఘం గురించి.

పౌరజీవితం కూడా బోర్డుల మీదే నడుస్తుంది. ఖాళీ రోడ్డు మీద సిగ్నల్‌లో ఎర్ర బొమ్మ వెలిగితే నలుగురు మనుషులు కొయ్యబొమ్మల్లా నిలబడతారు. "బండి లేదు, బర్రె లేదు. ఎవలి కోసం నిలబడ్డరు వీళ్లు?" అంటూ బావ దాటేశాడు. వెనక నుంచి ఒక పెద్దాయన తిట్టాడు. బస చేసిన ఇంట్లో చెత్తకు నాలుగు డబ్బాలు. బావ వేసిన ఆపిల్ తొక్కను ఇంటావిడ కాగితాల డబ్బాలోంచి ఏరి, మా ఎదుటే మరో డబ్బాలో వేసింది. ఆదివారం రొట్టెల దుకాణం తప్ప ఏదీ తెరవలేదు.

సరిగ్గా రెండు గంటలకు సంగ్రహాలయం తలుపు తీశారు. నీలం కోటు తొడుక్కున్న ముసలాయన, పేరు హెర్బర్ట్, ఒకప్పుడు ఆ మిల్లులోనే మెకానిక్. తాడు అవతల బావ సాంచాల మీద ఉన్న రకం డాబీయే ఉంది. ప్రతి భాగానికీ ఒక ఇత్తడి నంబరు బిళ్ల. ఆయన మీట నొక్కాడు. మగ్గం గడగడలాడింది, చూడవచ్చిన ఐదుగురూ తృప్తిగా తలలూపారు.

బావ చెవి పెట్టి విన్నాడు. "ఉత్తగ తిరుగుతుంది, బామ్మర్దీ. డాబీ ఊకెనే కూసుంది."

మగ్గం ఆగాక, తాడు మీదుగా చెయ్యి చాపి చక్రాన్ని గోటితో కొట్టాడు. "ఇనుము గాదు. కట్టె."

హెర్బర్ట్ ముఖం ఎర్రబడింది. అసలు చక్రం మిల్లు మూసిన ఏడాదే పాత ఇనుములో పోయిందట. తను కుర్రవాడిగా పనిచేసిన నాటి నక్షా చూసి, అదే కొలతకు కొయ్యతో చెక్కి, బూడిద రంగు వేశాడు. నక్షా ఎక్కడుంది? కార్యాలయంలో. మంగళవారం, ముందుగా సమయం తీసుకుంటే చూపిస్తారు. పోనీ, ఈ చక్రాన్ని కొలుచుకోవచ్చా? కుదరదు, నంబరు ఉన్న ఏ వస్తువునూ సందర్శకులు తాకరాదు.

ఆయన ఇంగ్లీషును నేను బావకు అనువదించాను. బావ చక్రాన్ని ఇటూ అటూ చూశాడు. "దీనికి నంబర్ ఏడుంది? జర అడుగు."

బిళ్ల లేదు. హెర్బర్ట్ లావుపాటి రిజిస్టరు తెచ్చి, కళ్లద్దాలు మార్చి, వేలు పెట్టి వరసగా చదివాడు. పదకొండు నిమిషాలు. మా రైలు 16 గంటల 8 నిమిషాలకు. చివరికి పుస్తకం మూశాడు.

"ఇది రిజిస్టరులో లేదు. అంటే సంగ్రహాలయంలో లేదు" అని, పానా తెచ్చి, చక్రాన్ని విప్పి బావ చేతిలో పెట్టాడు.

బావ భుజం మీది కండువా తీసి ఆయనకిచ్చాడు. తన సాంచా మీద నేసింది. హెర్బర్ట్ అంచు మీది పువ్వును వేలితో తడిమి చూశాడు. తరువాత రిజిస్టరు మళ్లీ తెరిచి, కండువాకు నంబరు రాయడం మొదలుపెట్టాడు.

రైల్లో ముందు సగంలో కూర్చున్నామా అని బావ ప్రతి స్టేషన్లోనూ అడిగాడు. విమానాశ్రయంలో చక్రాన్ని రెండుసార్లు తిప్పి చూసి వదిలేశారు. సోమవారం సాయంత్రం కరీంనగర్ బస్సులో, పోత ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కనుక ఇసుకలో అచ్చు తీసే కొయ్య నమూనాను నూటికి ఒక వంతు పెంచాలని నేను వివరించాను.

"ఇనుపది దొరికినా పోతకు కట్టెదే చేపియ్యాలె గద. ఆ పని ముసలాయిన చేసిపెట్టిండు" అన్నాడు బావ.

ఎర్లెన్‌తాల్ చూడదగిన ఊరు కాదు. వెళ్లక తప్పనివారు శుక్రవారం పన్నెండులోగా చేరాలి, పెట్టె తలుపు పక్కన రాసింది చదవాలి, కాలిపర్‌ను పెద్ద పెట్టెలో వేయాలి.

విమానం, వీసా ఇద్దరికి 1,46,000 రూపాయలు. రైళ్లు 118 యూరోలు. బస మూడు రాత్రులు 188. తిండి 61. పోయినవి: కాలిపర్ ఒకటి, 2 గంటల 21 నిమిషాలు, కండువా ఒకటి. నడుస్తున్న సాంచాలు, పోత పోసిన మొదటి చక్రం బిగించాక: మూడు. తూకానికి వేసినవి: లేవు.