వాయించని మూడో భాగం

మొన్న హైదరాబాద్‌లో మా మనవరాలి బడిలో ఏదో వేడుక ఉందంటే వెళ్లాను. వేదిక మీద నలుగురు పిల్లలు. ముగ్గురి చేతుల్లో చిన్నా పెద్దా వయొలిన్లు, నాలుగో పిల్ల పియానో ముందు. మొదలుపెట్టే ముందు ఒక టీచరమ్మ మైకు పట్టుకొని, ఇది భాగాలు భాగాలుగా ఉంటుందనీ, మధ్యలో ఆగినప్పుడు అయిపోయిందనుకొని చప్పట్లు కొట్టొద్దనీ, కదలకుండా కూర్చోవాలనీ మర్యాదగానే మందలించింది. నా పక్కనున్న తాత ఒకాయన చప్పట్లకు సిద్ధంగా పెట్టుకున్న చేతులను చంకల్లో దాచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోరుట్ల గుర్తొచ్చింది. మధ్యలో ఆగినప్పుడు ఏం చెయ్యాలో కోరుట్లలో మావాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా చిన్నమ్మ ఆ మూడో భాగం కూడా వాయించి ఉండేది.

చిన్నమ్మంటే మా అమ్మకు చెల్లెలు. మా తాత ఒకరి పొలంలో జీతానికున్న పాలేరు. సెంటు భూమి లేదు, పిల్లలకు చదువైనా దక్కుతుందని కోరుట్ల మిషన్ ఆసుపత్రి కాంపౌండులో వదిలాడు. చిన్నమ్మ అక్కడే నర్సయింది, పెళ్లి మాటెత్తితే నవ్వి ఊరుకునేది. అక్కడి డాక్టరుగారి భార్యను అందరూ దొరసాని అనేవాళ్లు. ఆమెకు చిన్నమ్మ చేతులు నచ్చి పియానో నేర్పింది. తన దేశం వెళ్లిపోతూ పియానోను చర్చికి, ఒక పాటల కాగితాల కట్టను చిన్నమ్మకు ఇచ్చి వెళ్లింది. మామూలు పాట కాదది. పియానోతో పాటు మరో మూడు తంత్రీ వాయిద్యాలు కలిస్తే తప్ప నిండని సంగీతం, మూడు భాగాలు. కోరుట్లలో ఆ మూడు వాయిద్యాలు ఎక్కడ దొరుకుతాయి? ఆదివారాలు కీర్తనలు వాయించి, మిగతా రోజుల్లో డ్యూటీ దిగాక తన వంతు తానొక్కతే సాధన చేసేది. ఆ లేని మూడు వాయిద్యాల వంతు వచ్చినప్పుడు చేతులు ఎత్తి, తల ఊపుతూ, ఊరికే కూర్చునేది. ఎవరినో పలకరించి జవాబు కోసం ఆగినట్టుండేది. మేము పిల్లలం కిటికీలోంచి చూసి పడీపడీ నవ్వేవాళ్లం. మూడో భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు మరిచి ఎగిరేవాళ్లం. "గది పెండ్లి బరాత్ తీర్గ ఉంటది బిడ్డ, కూసున్నోళ్లను కూసోనియ్యది," అనేది చిన్నమ్మ.

నలభై ఏళ్లు అలాగే గడిచాయి. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లోనే ఆమె చేతుల కీళ్లు వాయడం మొదలైంది. పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చేది. ఇది తగ్గేది కాదు, పెరిగేదేనని డాక్టరు చెప్పేశాడు. అప్పుడు, ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, తనతో నర్సింగు చదివిన స్నేహితురాలికి ఫోను చేసి అడిగింది. ఆ స్నేహితురాలి కూతురు హైదరాబాద్‌లో వయొలిన్ వాయిస్తుంది. ఆ అమ్మాయి ఇద్దరు మిత్రులను వెంటేసుకొని వస్తానంది. రోజు కుదిరింది. ఇంతలో సకల జనుల సమ్మె వచ్చిపడింది. బస్సులు లేవు, బడులు లేవు, ఏ రోడ్డు ఎప్పుడు మూస్తారో తెలియదు. వాయిదా వేసుకొమ్మని మేమంతా చెప్పాం. "నేను ఆగుత బిడ్డ. ఈ చేతులు ఆగయి," అంది.

నేను సిరిసిల్లలో టీచరుని, నేనూ సమ్మెలోనే ఉన్నాను. వాళ్ల కారును దారి దాటించే పని నాకు పడింది. అనుకున్నట్టే తంగళ్ళపల్లి దాటగానే కారు ఆగింది. రోడ్డుకు అడ్డంగా వంటా వార్పు జరుగుతోంది. పొయ్యిల మీద పప్పుచారు మరుగుతోంది, సాంచాలు, అంటే మరమగ్గాలు, బంద్ పెట్టిన నేత కార్మికులు బంతి కట్టి కూర్చున్నారు. కారు మీద కట్టిన, సెల్లో అనే పెద్ద వయొలిన్ పెట్టె మనిషంత పొడవుంది. అందరి కళ్లూ దాని మీదే.

"టీచరమ్మా, గీ పెట్టెల ఏమున్నదో ఇప్పి సూపియ్యాలె," అన్నాడు ఒక పెద్దాయన. విప్పాం. ఆయన దాని కట్టెను తట్టి చూసి, తంతిని ఒకసారి మీటి, దాని గరగరకు తనే తృప్తిగా తలూపాడు. మా చిన్నమ్మ సంగతి చెప్పాను. "పోనిస్తం గని, తిన్నంకనే పోవాలె. ఆకలితోని ఏం వాయిస్తరు?" అన్నాడు. భయంతో బిగుసుకుపోయి ఉన్న సెల్లో పిల్లవాడు రెండోసారి చారు పోయించుకున్నాడు.

సాయంత్రం చర్చి హాలులో కరెంటు లేదు. ఉంటే ఆశ్చర్యపోయేవాళ్లం. కొవ్వొత్తులు, ఒక పెట్రోమాక్స్ లైటు. కాంపౌండు వాళ్లతో పాటు దీక్షా శిబిరంలోంచి లేచి వచ్చినవాళ్లు కూడా నిండిపోయారు. ముందు వరుసలో చిన్నమ్మ ఎదురింటి అక్క కూర్చుంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆ యేడే ఉద్యమంలో పోయాడు. అప్పటినుంచి అమరుల సభలకు తప్ప ఆమె గడప దాటలేదు. చిన్నమ్మ స్వయంగా వెళ్లి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది.

మొదటి భాగంలో చిన్నమ్మ ఒక వరుస వాయించి, అలవాటుగా చేతులెత్తి ఆగింది. ఈసారి జవాబు వచ్చింది. వయొలిన్ అందుకుంది, దాని కింద సెల్లో పలికింది. చిన్నమ్మ ముఖం నేను చూశాను. ఇన్నేళ్లు ఒంటరిగా మాట్లాడిన మనిషిని ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆగకుండా దాని వెంటే అందుకున్న రెండో భాగం నెమ్మదిది. ఆమె వాచిన చేతులకు అది నొప్పి ఇవ్వలేదనుకుంటాను, మాకు మాత్రం గుండె బరువెక్కింది. చివరి స్వరం ఆగింది. వాళ్ల పద్ధతి ప్రకారం ముగ్గురూ కమాన్లు దించి, తలలు వంచి, ఊపిరి తీసుకుంటున్నారు.

ఎదురింటి అక్క లేచి నిలబడింది.

ఆ రోజుల్లో ఏ సభ జరిగినా, ఏ శిబిరం మొదలైనా, అమరులకు రెండు నిమిషాల మౌనం ఉండేది. చప్పుడు ఆగి, ముందున్నవాళ్లు తల వంచితే అది దానికే. ఆమెకు తెలిసిన సభలు అవే. ఆమె కొడుకును నలుగురూ తలుచుకునే సమయం అదొక్కటే. ఆమె లేవగానే శిబిరంవాళ్లు లేచారు, కాంపౌండువాళ్లు లేచారు, పాస్టరుగారు లేచారు. హాలంతా చేతులు కట్టుకొని నిలబడింది. హైదరాబాద్ పిల్లలు ఏం జరుగుతోందో తెలియక బిత్తరపోయి చిన్నమ్మ వంక చూశారు. ఆమె ముందు వరుస వైపు ఒక్కసారి చూసి, బల్ల పట్టుకొని తనూ లేచి నిలబడింది. కాసేపటికి వెనకనుంచి ఎవరో "అమరవీరులకు" అన్నారు, అందరం "జోహార్" అన్నాం. మళ్లీ కూర్చున్నాం.

వయొలిన్ అమ్మాయి కమాను ఎత్తి, "ఆంటీ, మూడోది?" అని మెల్లగా అడిగింది. చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇగ సాలు బిడ్డ," అని పియానో మూసింది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "గా మూడో దాని కోసమే గదా ఇన్నేండ్లు!" అని గట్టిగానే అన్నాను. ఆమె వేడినీళ్లలో చేతులు పెట్టుకొని కూర్చుంది. "ఆ తల్లి కొడుకును తలుసుకుంట నిలవడ్డది. గామె ముంగట బరాత్ ఎట్ల తీస్తనే? నాతోని గాలె," అంది. బాధగా లేదా అని అడిగాను. లేదంటుందనుకున్నాను. "ఎందుకుండదే? మస్తున్నది," అని చేతులు నీళ్లలోంచి తీసింది. నేను తువ్వాలు తెచ్చి ఆ చేతులు తుడిచాను.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి కోరుట్ల బజార్లలో పటాకులు, డప్పులు, ఆటలు. ఎదురింటి అక్క కూడా గడపలోకి వచ్చి నిలబడి, కొడుకు ఫొటోను కొంగుతో తుడుచుకుంటూ, ఏడుస్తూనే నవ్వింది. ఆమె ముందు ఇప్పుడు బరాత్ తీయొచ్చు. కానీ అప్పటికి చిన్నమ్మ వేళ్లు పూర్తిగా ముడుచుకుపోయాయి, అన్నం మేమే కలిపి పెడుతున్నాం. సంతోషాన్నీ, దాన్ని వాయించే చేతులనూ కాలం ఒకేసారి ఇస్తుందని మనమే అనుకుంటాం, అది ఎవరికీ అలాగని మాటివ్వలేదు.