కోస్గి బస్సు వచ్చేదాకా

మహబూబ్‌నగర్‌లో కోర్టు వెనక సందులో నాది చిన్న కుట్టుమిషన్ దుకాణం. వకీళ్ల కోట్లకు గుండీలు వేయడం, చిరిగిన గౌన్లకు అతుకులు వేయడం నా పని. మొన్న శనివారం ఒక వకీలు గౌను తెచ్చి, "జర జల్ది కుట్టియ్యమ్మా, సంతాపసభకు పోవాలె," అన్నాడు. ఎవరు పోయారని అడిగాను. ఫ్యామిలీ కోర్టులో ఏళ్ల కింద పనిచేసి రిటైరైన జడ్జమ్మ అని చెప్పాడు. నేను మిషన్ ఆపలేదు. గౌను ఇచ్చి పంపాక మాత్రం చాలాసేపు ఇంకో బట్ట ముట్టలేదు.

సభలో ఆమెను అందరూ పొగిడే ఉంటారు. పోయినోళ్లంతా మంచోళ్లే కదా. నేనైతే ఆమెను ఏళ్ల తరబడి తిట్టుకున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను విడాకుల కోసం కోర్టుకెక్కాను. మా ఆయనది కోస్గి పక్క ఊరు, బొంబాయిలో మేస్త్రీ పని. వస్తే తాగుడు, పోతే పత్తా ఉండేది కాదు. ఐదేళ్ల బిడ్డను తీసుకుని మా అమ్మ ఇంటికి వచ్చేశాను. "మా ఇంటి పిల్ల" అంటూ అత్తగారు అప్పటికే మనుషులను తోలింది. ఏదో ఒక రోజు బిడ్డను ఎత్తుకుపోతారని నా భయం. కోర్టు కాగితం చేతికొస్తే ఇక ఎవరూ నా గడప తొక్కరనుకున్నాను.

మూడు పిలుపులకు ఆయన రాకపోతే నా మాటే విని తీర్పు రాస్తారని మా వకీలు చెప్పాడు. ఆయన రావద్దని మన్యంకొండ దేవునికి మొక్కుకున్నాను.

వాయిదా రోజు కోర్టు జవాను వరండాలో నిలబడి ఆయన పేరు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి నోరు తెరవబోతుంటే జడ్జమ్మ అడిగింది.

"కోస్గి బస్సు వచ్చిందా?"

"ఇంక రాలే మేడం."

"బస్సు రానీ."

అంతే, ఇంకో ఫైలు తీసుకుంది. ఆమె పద్ధతే అది. దూరం ఊళ్ల కేసులు మధ్యాహ్నానికి పెట్టేది. జంటల వెంట ఆటోలకొద్దీ దిగిన పెద్దమనుషులను, "పెండ్లి మీది కాదు గద, బయట కూసోండ్రి," అని పంపించేది. ఆమె మాటకు పాలమూరులో విలువ ఊరికే రాలేదు. నాకు మాత్రం ఆ రోజు ఒళ్లు మండిపోయింది. రానివాడి కోసం ఎందుకు ఆగాలని నోరు జారాను. మా వకీలు గాభరా పడ్డాడు గానీ, ఆమె కళ్లద్దాలు తీసి నెమ్మదిగానే చెప్పింది.

"ఆయన లేకుంట ఇయ్యాల రాసిస్త. రేపొచ్చి నాకు తెల్వదంటడు, మళ్ల మొదటికొస్తది. ఇల్లు అలకంగనే పండుగ కాదమ్మా."

బస్సు వచ్చింది. అందులో ఆయనా వచ్చాడు, చొక్కా నిండా దుమ్ముతో. జడ్జమ్మ తాగుడు సంగతి ఎత్తలేదు.

"నీ బిడ్డ ఏ బడికి పోతది?"

ఆయనకు తెలియదు.

"ఏం కూర ఇష్టం?"

అదీ తెలియదు. తల దించుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

"తెల్వకపోతే తెల్సుకోవాలె," అంది జడ్జమ్మ. "బిడ్డ తల్లి దగ్గర్నే ఉంటది. నెలకొక ఆదివారం బస్సెక్కి వచ్చి చూసి పో."

ఆయన ఒప్పుకుని దస్తఖత్ పెట్టాడు. విడాకుల తీర్పూ అట్లాగే వచ్చింది. అత్తగారు మళ్లీ మనుషులను తోలలేదు. అయినా నా కోపం పోలేదు. ఆ బస్సు కోసం ఆగకుండా ఉంటే ఆదివారాలు కూడా నావే అయ్యేవి. ఆయన వస్తే తలుపు సగమే తీసేదాన్ని. తాగి వచ్చిన రోజు అదీ తీయలేదు. కొన్ని నెలలు అసలు రాలేదు. తరువాత తాగకుండా రావడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు బిడ్డ ఇంటర్. తండ్రి వచ్చే ఆదివారం తనే బస్టాండుకు పోతుంది. సంతాపసభ మరునాడు అట్లాంటి ఆదివారమే. ఎండ ముదిరినా పిల్ల ఇల్లు చేరలేదు. అన్నం డబ్బా పట్టుకుని వెళ్లాను. బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"రాడు గని, లే. మీ నాయిన సంగతి నాకు తెల్వదా?" అన్నాను.

"బస్సే రాలే గదనే అమ్మా," అంది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

నేనూ పక్కన కూర్చుని డబ్బా మూత తీశాను. పుంటికూర పప్పు సగం తిని మూత పెట్టేసింది. కడుపు నిండా తినమన్నాను.

"నాయినకు ఉండనీ. పుంటికూరంటే పానం ఆయనకు."

ఆయనతో అన్నేళ్లు కాపురం చేసి కూడా నాకు ఆ సంగతి తెలియదు. ఏది పెడితే అది తినేవాడు, నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు జడ్జమ్మ ఆ కూర ప్రశ్నే ఆయన గురించి నన్ను అడిగి ఉంటే నేనూ తల దించుకునేదాన్ని. ఆమె పోయిందన్న ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.