మోచేయి రాని ఎక్స్‌రే

దయ్యం, గాలి, ధూళి అంటే నాకు నవ్వు. మంచిర్యాలలో ఒక ఎముకల ఆసుపత్రిలో పదకొండేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను. మనిషి లోపల ఏముంటుందో రోజూ చూసేదాన్ని, నన్నెవరు భయపెడతారు? ఇది కూడా దయ్యం కథ కాదు. ఏమిటో నాకే తెలియదు.

పోయిన వేసవిలో మా అవ్వ, అంటే అమ్మ, నస్పూర్‌లోని మా ఇంట్లో వారం ఉండి, సుల్తానాబాద్ వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నా ఏడేళ్ల బిడ్డ తల నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది.

"నీ పీడంత నాకు రానియ్యి బిడ్డా" అంది.

"నీ వేళ్లు విరుగుతయ్ అవ్వా, గా ఎక్స్‌రే గూడ నేనే తియ్యాలె" అని వెక్కిరించాను.

మర్నాడు పొద్దున పాప మెట్ల మీంచి పడింది. ఎడమ ముంజేయి వాచిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే నేనే తీశాను. పిల్లల ఎముక పచ్చి పుల్ల లాంటిది. పుటుక్కున విరగదు, ఒక పక్క చీలి వంగుతుంది. దాన్నే గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్ అంటారు. తేలిగ్గా మానుతుంది. హమ్మయ్య అనుకున్నాను. సిమెంటు కట్టు వేద్దామన్నారు డాక్టరు.

అప్పుడే అవ్వ ఫోను. పాప పడిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఒట్టు.

"బిడ్డా, బియ్యం ఏరుతుంటె నా ఎడమ మోచెయ్యి పట్టుకపోయిందే. కీలు పక్కకు జరిగినట్టున్నది. పిల్ల మంచిగున్నదా?"

ఫోను చెవి దగ్గరే ఉంచి పాప ఎక్స్‌రే మళ్లీ చూశాను. ముంజేయి విరిగితే పై కీలు, కింది కీలు రెండూ ఎక్స్‌రేలో రావాలి. కొత్తవాళ్లకు నేనే నేర్పే పాఠం అది. కన్నబిడ్డ ఏడుస్తుంటే కంగారులో మోచేయి వదిలేశాను. తొందరలో డాక్టరూ గమనించలేదు.

మళ్లీ తీశాను. మోచేతి దగ్గర ఎముక కీలు తప్పి, పక్కకు జరిగి ఉంది. అలాగే కట్టు వేసుంటే నా బిడ్డ చెయ్యి జన్మకు సరిగా చాపలేకపోయేది. ఆ రోజే సరిచేశారు.

పాప ఇప్పుడు చెయ్యి బాగా చాపుతుంది. అవ్వకే ఆ రోజు నుంచి ఎడమ చెయ్యి పూర్తిగా చాపరావడం లేదు. ఈసారి రెండు కీళ్లూ వచ్చేలా నేనే ఎక్స్‌రే తీశాను. విరుపు లేదు, సన్నటి హెయిర్‌లైన్ గీత కూడా లేదు, కీలు పక్కకు జరగలేదు. అంతా బాగుందన్నారు డాక్టరు.

"ముసలి చెయ్యి, పోనియ్యి. పరేషాన్ గాకు" అంటుంది అవ్వ.

మొన్న వచ్చినప్పుడు మళ్లీ పాప తల నిమరబోయింది. పరుగున వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టేసుకున్నాను. ఎందుకని అవ్వ అడిగింది. నేను ఆ వేళ్లు వదల్లేదు, మెటికలు విరవనివ్వలేదు.