పిన్ని పొద్దుటి పోట్లాట

పొద్దున్న లేవగానే నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. నర్సు పని చేసే మా పిన్ని ఎదురింటాయనతో పోట్లాట పెట్టుకుంటుంది. ఇద్దరిదీ నిత్యనియమమే. పిన్ని వాళ్ళింట్లోనే పెరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, నిష్ఠలో ఆవిడే ఒక మెట్టు పైన. జ్వరమొస్తే నేను దణ్ణం పడుకునే పెట్టుకుంటాను, ఆవిడ దుప్పటి కప్పుకుని మరీ కిటికీ దగ్గరికి వెళ్తుంది.

ఎదురింటాయనది గడియారాలు బాగుచేసే పని. మధ్యలో సందు ఇరుకు. మా వంటింట్లోంచి చూస్తే ఆయన గోడ గడియారం మా సొంతదేమో అనిపిస్తుంది. అదెప్పుడూ వెనకబడే ఉండేది.

“ఏమండీ, ఊరందరి గడియారాలూ బాగుచేస్తారు, మీ గడియారానికి పక్షవాతమా?”

“నా గడియారంతో మీకేం పని నర్సమ్మా? మీరు సూది కూడా పొడవక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు, రోగం రోగితో సహా పారిపోతుంది!”

ఇలా పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా సాగేది.

ఆ పిన్ని ఏడాదిపాటు జీతం లేకుండా ఏదో దేశంలో పిల్లల ఆసుపత్రిలో సేవ చేయడానికి బయల్దేరింది. బాబాయి ఆ దేశం గురించి దిగులుపడ్డాడు.

“అక్కడి భాష రాదు కదే, ఎలా పోట్లాడతావు?”

“గొంతుంటే చాలదూ? ముందు ఆ సూట్‌కేసు మీద కూర్చోండి, మూత పడట్లేదు.”

బాబాయి కూర్చున్నాడు. పక్కన నేనూ కూర్చున్నాను. మూత పడలేదు.

ప్రయాణం రోజు పొద్దున్న పిన్ని కిటికీ దగ్గరికి వెళ్ళి, నోరు మెదపకుండా తిరిగొచ్చి, సూట్‌కేసు మీద కూలబడింది. మూత టక్కున పడింది.

“కొంప మునిగిందిరా! ఆయన గడియారం సరిగ్గా నడుస్తోంది.”

“మంచిదేగా పిన్నీ?”

“మంచి, నీ మొహం! భార్య పోయాక ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. ఓదార్చడానికి ఎంతమంది వెళ్ళినా తలుపు తియ్యలేదు. గడియారం కనబడకపోయినా నేను ఇక్కణ్ణుంచి ‘మీ గడియారం తప్పు’ అని అరిచాను. ఆ రోషంతో లేచి కిటికీ తెరిచాడు. అప్పట్నుంచీ కావాలనే దాన్ని వెనక్కి తిప్పిపెడుతున్నాడు. ఇంత పనివాడికి ముల్లు సరిచెయ్యడం రాదంటావా? ఇవాళ సరిచేశాడంటే, ఇంక అడిగేవాళ్ళుండరని మళ్ళీ తలుపేసుకోబోతున్నాడురా!”

తొంగి చూశాను. ఆయన మా వైపు చూడకుండా, తుడిచిన గడియారాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. పిన్ని విసురుగా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

“ఏమండీ! ఎవర్నడిగి బాగుచేశారు దాన్ని?”

ఆయన మొహం విప్పారింది. “నా గడియారం, నా ఇష్టం!”

పిన్ని నన్ను కిటికీ దగ్గరికి లాగి, చెవిలో అంది. “ఒరేయ్, ఒక్క సాయం చెయ్యి. నేనొచ్చేదాకా రోజూ నువ్వు పోట్లాడాలి.”

“నేనా? నేను దేవుణ్ణి కూడా గట్టిగా అడగలేను పిన్నీ!”

“ఇప్పుడే మొదలుపెట్టు.”

కళ్ళు మూసుకున్నాను. “అయ్యా, తమరు దయచేసి ఆ గడియారాన్ని...”

“దణ్ణం తర్వాత పెట్టుకుందువుగాని,” అంటూ జోడించిన నా చేతుల్ని పిన్ని విడదీసింది. “గొంతు పెంచు. గెలవకు మాత్రం. ఆఖరి మాట ఆయనకే వదిలెయ్యి నాయనా.”